ఫియట్ ముందు అద్దం రబ్బరు కొత్తదేసినా వాన నీళ్లు లోపలికే వస్తున్నయి

హన్మకొండ ఫియట్ (జూన్ 14)

అందరికి నమస్తే. మాది హన్మకొండ, వడ్డేపల్లి చెరువు దిక్కు. బండి మా బాపుది, 1982 ప్రీమియర్ పద్మిని. పేరుకు పద్మిని గని మా వాడకట్టుల అందరు ఫియట్ అనెటోళ్లే. బాపు తునికాకు కాంట్రాక్టు చేసెటోడు. ఎండకాలం వచ్చిందంటె తాడ్వాయి, ఏటూరునాగారం దిక్కు కల్లాలకాడికి ఈ బండే. మేడారం జాతరకు ఎనుక సీట్ల మేము ఐదుగురం, డిక్కీల బంగారం (అమ్మవార్లకిచ్చే బెల్లం) బుట్టలు. మొన్న ఎనుక తలుపు పాత రబ్బరు పీకితే దాని కింద ఎర్రదుమ్ము, రాయోలె ఎండిన బెల్లం, చీమల గూడు. డిక్కీల బెల్లం తలుపు రబ్బరు కిందికి ఎట్ల చేరిందో ఆ సమ్మక్కకే తెల్వాలె.

2009 నుంచి రేకుల షెడ్డుల తాడిపత్రి కప్పుకొని పడున్నది. నేను సర్కారు బడిల లెక్కల సారును, మెకానిక్కును కాను. రిటైరయ్యేలోపు దీన్ని రోడ్డెక్కియ్యాల్నని పట్టువట్టిన. ఇంజను, 1089 సీసీది, పెద్ద తిప్పలు వెట్టలే. హ్యాండు గేరు సుత సాఫైంది. బాడీ మాత్రం ముందు అద్దం కింద, కాళ్లు పెట్టేకాడ జల్లెడైంది. టింకరింగు మేస్త్రి కుళ్లిన రేకు కోసి కొత్త రేకు అతికిచ్చిండు. లప్పం, ప్రైమరు, పీయూ (పాలీయురెథేన్) రంగు, అన్ని ఏప్రిల్ వరకు ఒడిశినయి. పాలమీగడ రంగు. చూస్తే కడుపు నిండింది.

అసలు తిప్పలు రబ్బర్లకాడ మొదలైంది.

కిట్టు ఢిల్లీ నుంచి కొరియర్ల తెప్పిచ్చిన. ముందు అద్దం, ఎనుక అద్దం, నాలుగు తలుపులు, డిక్కీ, కిటికీ పట్టీలు, అన్ని కలిపి ఒకటే సంచి. ఏది దేనిదో చిట్టీ సుత లేదు. పాత ముక్కలు పక్కన వెట్టి ఆనవాలు వట్టి ఏరుకున్న. పాతవి పారెయ్యలే, అదొక్కటి మంచి పని చేసిన.

ముందు అద్దం మే చివర్ల ఏసినం. రోహిణి కార్తె, బయట 44 డిగ్రీలు. అద్దానికి రబ్బరు తొడిగి, రేకు దిక్కున్న కాలువల సుతిలి దూర్చి, అద్దాన్ని బయటినుంచి నిలవెట్టి లోపలినుంచి సుతిలి గుంజినం. వీడియోల పది నిమిషాల పని, మాకు నాలుగు గంటలు పట్టింది. సుతిలి రెండుసార్లు తెగింది. ఎడమ దిక్కు కింది మూల రబ్బరు పెదవి రేకు మీదికి ఎక్కనే ఎక్కలే. స్క్రూడ్రైవరు పెట్టి తోసినం, రంగు గీక్కపోయింది. ఆఖరికి ఎక్కింది అనుకున్నం.

మిరుగం (మృగశిర కార్తె మొదలైన దినం) పోయిన రెండోనాడు తొలి వాన పడ్డది. పొద్దుగాల చూస్తే ఎడమ దిక్కు మ్యాటు కింద చెంబెడు నీళ్లు.

తలుపుల బాధ వేరే. ఎడమ ఎనుక తలుపు ట్రాక్టరు ట్రాలీ డాల ఏసినట్టు కొడితెగాని పడుతలేదు. పడ్డా ఒక్క టిక్కే, పూర పడ్డప్పుడు వచ్చే రెండో టిక్కు వినవడది. డ్రైవరు తలుపుకేమో రబ్బరు మంచిగ గుంజి, సక్కగ అంటువెట్టి, కొసకు కొస ఆనిచ్చి కోసిన. పదిహేను రోజులైనంక చూస్తే కింద రెండు కొసల నడుమ బొటనవేలు పట్టేంత సందు. రాత్రిపూట ఎలుకలు కొరికినయా అని సుత చూసిన, పంటి గాటు లేదు.

మెకానిక్కు అంటడు, సిలికాను ట్యూబు చుట్టూ కొడితే చుక్క రాదు సార్ అని. టింకరింగు మేస్త్రి అంటడు రబ్బరు నాసిదని. రబ్బరు అమ్మినాయన ఫోన్ల అంటడు బాడీ వంకరున్నదని. సద్దుల బతుకమ్మకు అమ్మను ఇదే బండిల పద్మాక్షి గుట్టకాడికి తీస్కపోతనని మాటిచ్చిన. రబ్బరు మార్చాల్నా, రేకు చూడాల్నా, సిలికాను కొట్టాల్నా? తెల్సినోళ్లు జర చెప్పుండ్రి.


కరీంనగర్ సీటుకవర్లు (జూన్ 14)

సార్, మీరు మస్తు ఆలోచిస్తుండ్రు. నేను ఇరవై ఏండ్లసంది సీటు కవర్లు, బీడింగులు ఏస్తున్న. పాత బండ్లకు ఇది మామూలే. అద్దం బయట పెదవి కింద నల్ల సిలికాను ఒక వరుస, లోపల ఒక వరుస కొట్టిచ్చి ఒక్కరోజు బండి ముట్టకుండ్రి. తలుపు కొత్త రబ్బరు గట్లనే ఉంటది, రాత్రిపూట రెండో టిక్కు వరకు వేసి వదిలేస్తే నెలకు అదే అణుగుతది. అద్దం తీసి మళ్ల ఏసుడంటె అద్దం పగిలే పని. ఆ అద్దం ఇప్పుడు ఎక్కడ దొరుకుతది?


గోదావరిఖని ఫిట్టరు (జూన్ 15)

సారూ, ముగ్గురు మూడు తీర్ల చెప్పిండ్రు గని ఒక్కలు గూడ కాలిపరు (మందం కొలిచే పనిముట్టు) వట్టి చూడలే. నేను సింగరేణి వర్క్‌షాపుల ఫిట్టరుగ చేసి దిగిన. సొంతానికి అంబాసిడరు ఒకటి, దోస్తులయి రెండు ఫియట్లు చేసిన. రబ్బరు గురించి నేను నేర్సుకున్నది కన్వేయరు బెల్టులకాడ, పంపుల సీళ్లకాడ. కారుకాడికి వచ్చినంక కొత్తగ నేర్సింది తక్కువ, రబ్బరు బుద్ధి ఎక్కడైనా ఒక్కటే.

మీ రాతల నాకు దొరికింది ఒక్క ముక్క: కుళ్లిన రేకు కోసి కొత్త రేకు అతికిచ్చిండు అన్నరు. అతికిచ్చింది ఎడమ దిక్కు కింది మూలకేనా? పందెం కడుత, అక్కడనే. కంపెనీల అద్దం చుట్టూ ఉండే అంచు రెండు రేకులు కలిపి చుక్క వెల్డింగు చేసింది. మందం రెండు మిల్లీమీటర్ల చిల్లర ఉంటది. రబ్బరుకున్న కాలువ ఆ మందానికే. మీ మేస్త్రి పాత అంచు మీదనే కొత్త రేకు ఎక్కిచ్చి అతికిండనుకోండ్రి, రెండు రేకులు మూడైనయి. దాని మీద లప్పం, ప్రైమరు, రంగు కోట్లు. నాలుగు మిల్లీమీటర్లు దాటిందంటె ఇగ పెదవి ఎక్కది. ఎక్కినట్టు కనవడ్తది గని కాలువ అడుగుకు రేకు అంచు తాకదు, రబ్బరు పైకి తేలి ఉంటది. నీళ్లకు ఆ తేలిన జాగ సాలు.

రంగు అయినంక రబ్బరు ఏసుడు అందరు చేసే పనే. కని రబ్బరు రెండుసార్లు ఏయాలె సారూ. రంగుకు ముందు, ఒట్టి ప్రైమరు మీద, అద్దం తోటి సహా ఒకసారి ఎక్కిచ్చి చూసి ఇప్పాలె. తలుపులకు గంతే, డిక్కీకి గంతే. ఎక్కడ అడ్డం తగులుతదో అప్పుడే బయటవడ్తది, అప్పుడు ఆకురాయి వెట్టినా బాధ లేదు. రంగు ఏసినంక అదే ఆకురాయి వెట్టాల్నంటె ప్రాణం పోతది. ఇప్పుడు మీకు అదే వచ్చింది. పెయింటరుకు తొందర, మేస్త్రికి తొందర, ఇద్దరు చేతులు దులుపుకొని పోయినంక చివరికి దొంగైతది రబ్బరే.

సిలికాను సంగతి. కరీంనగర్ తమ్ముడు ఏమనుకోవద్దు. దుకాండ్లల్ల మామూలుగ దొరికే ట్యూబులు కొడుతుంటె సిర్కా వాసన వస్తది చూడు, అది ఎసిటిక్ యాసిడు. బాత్‌రూం టైల్సుకు మంచిదే, బోడి రేకుకు తగిలితే లోపల్లోపల తుప్పు లేపుతది. సారు స్క్రూడ్రైవరుతోని రంగు గీకిండు గద, సరిగ్గ ఆ గీత మీదనే కూసుంటది. ఒక్కసారి సిలికాను తగిలిన జాగల తర్వాత రంగు సుత పట్టది, గుంతలు గుంతలు లేస్తది. తలుపు రబ్బరు అణుగుతదన్నది మాత్రం నిజమే, ఒప్పుకుంట. కని ఎంత అణిగినా రెండు మూడు మిల్లీమీటర్లే.

కాబట్టి అద్దం తీయక తప్పదు. లోపలి పెదవిని వెదురుబద్దతోని కొద్దికొద్దిగ రేకు మీదినుంచి దించుకుంట పోవాలె. పైనుంచి మొదలువెట్టుండ్రి. బయట ఒకలు అద్దం మీద రెండు చేతులు ఆనిచ్చి ఉండాలె. ఇనుము దగ్గరికి రానియ్యొద్దు. పాత అద్దం టఫెన్డ్ (కాల్చి గట్టివరిచింది) అయితే నడుమ గుద్దినా ఓర్సుకుంటది గని అంచుకు చిన్న దెబ్బ తగిలితే మొత్తం జొన్నగింజలోలె రాలుతది. చేతికి తొడుగులు, కండ్లకు అద్దాలు పెట్టుకోండ్రి.

అద్దం దిగినంక అంచు చుట్టూ కాలిపరు వట్టి కొలువుండ్రి. జానెడుకు ఒక కొలత. లెక్కల సారుకు చెప్పేదేమున్నది. ఎక్కడ లావున్నదో అక్కడ లోపలి దిక్కు అరగదీయాలె, రబ్బరు కింద దాగే భాగం కాబట్టి బయటికి కనవడది. రేకు తేలితే ప్రైమరు కుంచెతోని పట్టిచ్చి, దాని మీద అదే రంగు. ఆరిందాక ఆగుండ్రి. తడి రంగు మీద రబ్బరు ఎక్కిస్తే రంగు రబ్బరుకే అంటుకొని వస్తది.

ఏసేటప్పుడు టేబుల్ మీద బొంత పరిచి అద్దం పెట్టుండ్రి. రబ్బరును గోరువెచ్చని నీళ్లల పావుగంట నానవెడితే మెత్తవడ్తది. రబ్బరు బయటి మొఖానికి క్రోమ్ పట్టీ కాలువ ఉంటే ఆ పట్టీ టేబుల్ మీదనే ఎక్కియ్యాలె. బండికెక్కినంక ఎక్కిద్దామంటె రబ్బరు చీరుడు, పట్టీ వంగుడు రెండు అయితయి. అద్దం నడిమధ్యకు పైన కింద టేపు ముక్కలు అంటిచ్చుండ్రి, బండి అంచుకు సుత నడిమధ్యల గుర్తు వెట్టుండ్రి. గుర్తుకు గుర్తు కలువాలె. కలువకుంటె ఒక మూలకు రబ్బరు కుప్పవడ్తది, ఇంకో మూలకు సాలది.

సుతిలి తెగింది అన్నరు. తెగింది మంచిదైంది. సుతిలి గరుకు, రబ్బరు పెదవిని కోస్తది. నున్నటి నైలాను తాడు, నాలుగు మిల్లీమీటర్లది తీస్కోండ్రి. రీఫిల్లు తీసిన ఖాళీ పెన్ను గొట్టంల తాడు దూర్చి, ఆ గొట్టాన్ని కాలువల నడిపిచ్చుకుంట పోతె తాడు దానంతట అదే పడుకుంటది. రెండు కొసలు కింద నడుమకు వచ్చి మూరెడు మూరెడు ఒకదాని మీద ఒకటి దాటాలె. అంచుకు, రబ్బరుకు సబ్బునీళ్లు దండిగ పూయుండ్రి. గిన్నెలు తోమే లిక్విడు కలిపినయి మంచిగ జారుతయి. గ్రీసు, డీజిలు, ఇంజనాయిలు మాత్రం వద్దు, రబ్బరు ఉబ్బుతది.

బయట మనిషి అద్దాన్ని కింది అంచుకు ఆనిచ్చి అరచేతులతోని లోపలికి నొక్కాలె. లోపలి మనిషి తాడు కొసను అద్దం నడుమ దిక్కుకు గుంజాలె, తన దిక్కుకు కాదు. తాడు ఎక్కడ బయటికి వస్తందో సరిగ్గ అక్కడనే బయట మనిషి అరచెయ్యితోని తట్టాలె. ఇద్దరు ఒక్కతీరు పోతెనే అయితది, వడ్లు దంచినట్టు. ముందు కింద, తర్వాత రెండు మూలలు, తర్వాత పక్కలు, ఆఖరికి పైన. ఎక్కడన్న మొరాయిస్తే బలవంతం చెయ్యకుండ్రి, ఆ జాగల మళ్ల కాలిపరు పెట్టి చూడుండ్రి.


ఎన్ఐటీ స్టూడెంట్ (జూన్ 15)

పైన చెప్పిన వాటికి రబ్బరు వైపు నుంచి కొంచెం కలుపుతాను. నేను కాజీపేటలో ఉంటాను, మెటీరియల్స్ చదువుతున్నాను.

కారు అద్దాలకి, తలుపులకి వాడాల్సింది ఈపీడీఎం అనే సింథటిక్ రబ్బరు. సహజ రబ్బరు గొలుసులో జంట బంధాలు ఉంటాయి, గాలిలోని ఓజోను వాటిని తెంపుతుంది. పాత రబ్బరును వంచితే సన్నగా పగుళ్లు కనిపించేది అందుకే. ఈపీడీఎం ప్రధాన గొలుసులో ఆ బంధాలు లేవు కాబట్టి ఎండకీ గాలికీ చాలా ఏళ్లు నిలుస్తుంది. కానీ పెట్రోలుకీ నూనెలకీ ఆగదు, ఉబ్బిపోతుంది. హైడ్రాలిక్ సీళ్లలో వాడే నైట్రైల్ రబ్బరు దీనికి తిరగబడి ఉంటుంది: నూనెకి ఆగుతుంది, ఓజోనుకి పగులుతుంది. అందుకని పెట్రోలు ట్యాంకు పైపు రబ్బరు తెచ్చి కిటికీకి వేయకూడదు.

సంచిలో వచ్చినది ఈపీడీఎం అవునో పీవీసీయో ఇంట్లోనే చూడొచ్చు. రాగి తీగను గ్యాస్ మంటలో ఎర్రగా కాల్చి, ఆ వేడి తీగను రబ్బరు ముక్కకి ఆనించి మళ్లీ మంటలో పెట్టండి. మంట పచ్చగా మారితే అందులో క్లోరిన్ ఉన్నట్టు. నియోప్రీన్ అనే ఇంకో రబ్బరులో కూడా క్లోరిన్ ఉంటుంది, అదొక చిక్కు. అయితే పీవీసీ వేడికి మెత్తబడి కారుతుంది, నియోప్రీన్ కారదు. పొగ పీల్చకండి, పెరట్లో చేయండి.

డ్రైవరు తలుపు రబ్బరును ఎలుక కొరకలేదు సార్. మీరు గుంజి అంటించారు, అది తన పొడవుకి తాను వెనక్కి వచ్చింది. తలుపు రబ్బరును సాగదీయకుండా, ఇంకా చెప్పాలంటే కొసల దగ్గర ఒక అర సెంటీమీటరు ఎక్కువ ఉంచి లోపలికి అదిమి కలపాలి. అతుకు తలుపు కిందివైపు రావాలి. కొసలకి సైకిల్ పంక్చర్ సొల్యూషన్ వాడితే ఈపీడీఎంని సరిగా పట్టదు. కొత్త బ్లేడుతో శుభ్రంగా కోసి ఫెవిక్విక్ లాంటి సయనోఅక్రిలేట్ ఒక్క చుక్క వేస్తే పట్టేస్తుంది.


హన్మకొండ ఫియట్ (జూన్ 16)

ఫిట్టరు కాకా, పందెం మీరే గెలిచిండ్రు. మేస్త్రిని అడిగితే ఎడమ మూలకే పాత అంచు మీద రేకు ఎక్కిచ్చిన అన్నడు, పాతది మొత్తం కోస్తే లైను పోతదని భయపడ్డడట. అదీ ఒక లెక్కనే.

రాగి తీగ పరీక్ష చేసిన. తలుపు రబ్బర్లకు మంట మామూలుగనే ఉన్నది. కిటికీ పట్టీలకు మాత్రం గోరింటాకు పచ్చగ లేచింది, ముక్క చూస్తె కారుతంది. మా ఆవిడ వచ్చి వంటింట్ల ఈ వాసనేందని లొల్లి. పెరట్ల చెయ్యమన్న మాట నేను తర్వాత చదివిన.

ఆదివారం అద్దం దించుతం. గంతల తలుపు సంగతి సుత చెప్పుండ్రి కాకా.


గోదావరిఖని ఫిట్టరు (జూన్ 17)

తలుపుకు ముందు ఒక చిన్న పని. ముందు కిటికీ అద్దం పూర తెరిచి ఆ ఎనుక తలుపు ఏసి చూడుండ్రి. తేలిగ్గ పడ్డదంటె సగం దోషం గాలిది. కొత్త రబ్బర్లు ఏసినంక బండి డబ్బా లెక్క మూసుకుంటది, లోపలి గాలికి దారి దొరకక తలుపును ఎనుకకు తంతది. అప్పుడు రబ్బరును తిట్టేది లేదు.

గట్ల గూడ పడకుంటె రబ్బరు మొత్తం పీకి, రబ్బరు లేకుండ తలుపు ఏయుండ్రి. రెండో టిక్కు హాయిగ పడాలె, చుట్టూ సందు ఒక్కతీరు ఉండాలె. అది లేకుండ రబ్బరుతోని తలుపును సక్కజేద్దామంటె ఎన్నడు కాదు.

రబ్బరు లావెంత ఉండాల్నో చూసేదానికి నేను చేసేది చెప్త, నవ్వొద్దు. చపాతి పిండి గట్టిగ కలిపి గోలీలంత ముద్దలు చేసి, పల్చటి ప్లాస్టికు కవరుల చుట్టి, తలుపు చౌకట్టు మీద జానెడుకొకటి అంటిచ్చి తలుపు ఏస్త. తెరిచి అణిగిన ముద్దలను కొలుస్త. అక్కడ ఉన్న ఖాళీ అంత. ముద్ద 8 మిల్లీమీటర్లకు అణిగితే 12 మిల్లీమీటర్ల రబ్బరు గొట్టం సరిపోతది, మూడోవంతు అణగాలె. 16 ది ఏస్తే మీ ట్రాలీ డాల కథే. అన్ని ముద్దలు ఒక్కతీరు అణిగితే రబ్బరు మార్చుండ్రి. కబ్జాల (తలుపు తిరిగే బందుల) దిక్కు పల్చగ, లాకు దిక్కు లావుగ అణిగితే కబ్జాలు సర్దాలె, రబ్బరు జోలికి పోవొద్దు.

రబ్బరు అంటిచ్చేటప్పుడు తలుపు కింద ఉండే నీళ్ల బొక్కలు సొల్యూషనుతోని మూయకుండ్రి. కిటికీ అద్దం పక్కనుంచి తలుపు లోపలికి నీళ్లు పోవుడు ఏ బండికైనా ఉన్నదే, అవి కింది బొక్కల నుంచి బయటికి పోవాలె. తలుపు ప్యాడు ఎనుక ప్లాస్టికు కాయిదం ఉంటది. పెయింటింగుల అది చించి పారేస్తరు, మళ్ల ఎవ్వరు పెట్టరు. అది లేకుంటె తలుపుల పడ్డ నీళ్లు సక్కగ మ్యాటు మీదికే. మీ చెంబెడు నీళ్లల్ల ఎన్ని అద్దానియో ఎన్ని తలుపుయో అద్దం కుదిరినంక గని తెల్వది.


హన్మకొండ ఫియట్ (జూన్ 29)

పని అయింది, అంటే సగమైంది.

అంచు చుట్టూ 18 కొలతలు తీసి కాయిదం మీద బొమ్మ గీసిన. 15 చోట్ల 2.3 నుంచి 2.9 మిల్లీమీటర్లు. ఎడమ మూల దగ్గర మూడు చోట్ల 4.4, 4.8, 4.6. పదో తరగతి పిల్లగాడు సుత చెప్తడు నీళ్లు ఎక్కడనుంచి వస్తయో. నేను నాలుగు గంటలు స్క్రూడ్రైవరుతోని యుద్ధం చేసిన గని కొలిచే ఆలోచన రాలే, ముప్పై ఏండ్లు పిల్లలకు కొలతలు చెప్పినోన్ని.

అరగదీసేటప్పుడు నేను షెడ్డుల ఉండలే. మేస్త్రి చేసిండు, నేను బయట చాయ్ తాగిన. కొత్త రంగు మీద ఆకురాయి సప్పుడు వినబుద్ధి కాలే. 3 కు దించిండు. ఒకచోట లప్పం కింద తుప్పు మళ్ల మొదలైంది, ఏప్రిల్‌ల చేసిన పని! అది గీకి ప్రైమరు వట్టిచ్చి, రంగు ఏసి ఎనిమిది రోజులు ఆరవెట్టినం.

నైలాను తాడు, పెన్ను గొట్టం, గిన్నెల సబ్బు. లోపల నేను, బయట మా అల్లుడు. నలభై నిమిషాలు. ఎడమ మూలకాడ తాడు గుంజుతుంటె పెదవి టపటప ఎక్కిన సప్పుడు వచ్చింది, మొదటిసారి అసలు ఆ సప్పుడే రాలే.

పైపుకు నాజిల్ లేకుండ నీళ్లు కిందినుంచి పైకి పట్టినం. నేను లోపల టార్చిలైటు వట్టుకొని కూసున్న. అద్దం దిక్కునుంచి చుక్క లేదు. కని పైకి వచ్చినకొద్ది మ్యాటు మీద మళ్ల తడి! గుండె జారింది. టార్చి కొట్టి చూస్తే వైపరు ఇరుసు పొడుచుకొచ్చేకాడ ఉండే చిన్న రబ్బరు బుష్షు నుంచి. సంచిల కొత్తవి రాలేదని పాతవే ఏసిన, అవి బిస్కెట్టు లెక్క విరుగుతున్నయి. మొదటినాడు వచ్చిన చెంబెడు నీళ్లల్ల దీని వాటా సుత ఉన్నదన్నట్టు. సికింద్రాబాద్ రాణిగంజ్‌ల రబ్బరు దుకాండ్ల పాత బుష్షు చూపిస్తే కొలతకు దొరికినయి, రెండు.

తలుపు: కిటికీ తెరిచినా పడలే. పిండి ముద్దలు పెట్టిన. కబ్జాల దిక్కు 5 మిల్లీమీటర్లు, లాకు దిక్కు పైన 11, కింద 9. అంటే తలుపే వంకర ఉన్నది. నా కిట్టు రబ్బరు 14. అమ్మ వచ్చి చూసి, పిండి కారుకు పెడుతున్నవా, గణపతికి ఉండ్రాళ్లు చేస్తున్నవా అన్నది. కబ్జా కింద మూడు పల్చటి రేకు బిళ్లలు కనవడ్తున్నయి. బుధవారం ఇప్పుతున్నం.


గోదావరిఖని ఫిట్టరు (జూన్ 29)

ఇప్పే ముందు తలుపు కింద కర్ర దిమ్మె, దాని మీద బొంత పెట్టుండ్రి, లేకుంటె బోల్టు వదులైన నిమిషంల బరువంత కింది కబ్జా మీద పడ్తది. బిళ్లలు ఒకటే డబ్బల కలిపెయ్యకుండ్రి. పై కబ్జాదెన్ని, కింది కబ్జాదెన్ని, ఏ మందం అన్నది కవరు మీద రాసి దారంతోని ఆ కబ్జాకే కట్టుండ్రి. లాకు దిక్కు ఖాళీ ఎక్కువున్నది గాబట్టి మొదట ఒక్క బిళ్ల మార్చి ముద్దలు మళ్ల పెట్టి చూడుండ్రి. రెండు కబ్జాలు ఒక్కనాడే ఇప్పితే ఏది ఏం చేసిందో తెల్వది.

ఆ పచ్చ మంట వచ్చిన కిటికీ పట్టీలు తలుపు సక్కగైందాక ఏయకుండ్రి. పాత పట్టీ ముక్క ఒకటి నాకు పోస్టుల పంపుండ్రి, ఇక్కడ అదే వరుస ఈపీడీఎం ఉన్నదేమో అడిగి చూస్త.